సముద్రపు ఒడ్డున ఆరని పడుగు

ఆ అంకె నా నోటుపుస్తకంలో ఇప్పటికీ ఉంది: రెండు గంటల పది నిమిషాలు. ఉన్ని పడుగుకు చింతగింజల గంజి పట్టించిన తరువాత, అది ఆరి, మగ్గానికి ఎక్కించడానికి సిద్ధమయ్యే వ్యవధి అది. ఊహించి రాసినది కాదు. కొడంగల్ దగ్గరి మా ఊళ్ళో, నా చిన్ననాటి సహాధ్యాయి అయిన గొంగళ్ళ నేతగాని ఇంటి ముందు, ఫిబ్రవరిలో మూడు వేర్వేరు రోజులు చేతి గడియారం చూస్తూ కొలిచాను. మొదటి రోజు రెండు గంటల అయిదు నిమిషాలు, రెండవ రోజు రెండు గంటల పన్నెండు, మూడవ రోజు రెండు గంటల పదమూడు. మూడింటి సగటు రెండు గంటల పది. నా వరకు అంతకన్న గట్టి సాక్ష్యం లేదు.

నేను తాండూరులో ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రభుత్వ కొలువులో గణాంకాలు రాసినవాణ్ణి. ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు కార్యాలయం వెనుక ఉన్న వానకొలత పాత్రను చూసి, మిల్లీమీటర్లు రాయడం నా మొదటి పని. "నిన్న మస్తు వాన పడ్డది" అని ఎవరైనా అంటే, ఎంత అని అడిగేవాణ్ణి. చెప్పలేకపోతే ఆ వాన పడలేదన్నట్టే చూసేవాణ్ణి. పదవీ విరమణ తరువాత వికారాబాద్‌లో స్థిరపడ్డాను గాని, ఆ అలవాటు నాతోనే వచ్చింది.

నా సహాధ్యాయిది తరతరాలుగా గొర్రెలు కాసే కుటుంబం. నా బాల్యంలో మా ఊళ్ళో గొంగళ్ళు నేసే మగ్గాలు పదకొండు. ఇప్పుడు ఒక్కటి, అతనిది. మగవాళ్ళు నేయడం, ఆడవాళ్ళు ఉన్ని వడకడం వారి పద్ధతి. అతని భార్య వడికిన దారం సన్నగా, గట్టిగా ఉంటుంది. అయితే రెండేళ్ళుగా ఆమె కుడి బొటనవేలి కీలు వాచిపోయి, వంగడం మానేసింది. ఇంకా వడికితే ఆ వేలు ఎందుకూ పనికిరాదని తాండూరులో డాక్టరు చెప్పాడు. ఇంట్లో మిగిలిన ఉన్ని ఒక్క గొంగడికి సరిపోతుంది. అది వడికి రాట్నాన్ని అటక మీద పెడతానని ఆమె అన్నది. అన్నట్టే పెట్టింది. ఆ ఉన్ని వడకడానికి నలభై నాలుగు రోజులు పట్టింది: నిలువు పోగులైన పడుగుకు ఇరవై ఆరు, అడ్డపోగులైన పేకకు పద్దెనిమిది. వారానికొకసారి వికారాబాద్ నుంచి బస్సులో వెళ్ళి, ఉండలు లెక్కపెట్టి రాసుకున్నది నేనే.

"నా ఏలు నొస్తుంటె ఈన ఉండలు లెక్కవెడుతున్నడు" అని ఆమె భర్తతో అనేది. తరువాత, ఊళ్ళో అందరూ నన్ను పిలిచే పిలుపుతో నా వైపు తిరిగేది. "పటేలా, లెక్క ఎక్కువొస్తె జర నీ దిక్కు నుంచి నాలుగుండలు కలుపు."

ఆ చివరి దారానికి సముద్రపు ఒడ్డున ఒక చోటు దొరికింది. విశాఖపట్నం తీరంలో కొత్తగా కట్టిన ఒక దుకాణ సముదాయానికి మా తాండూరు నాపరాళ్ళు కొనడానికి, దాని నిర్వాహకురాలు రెండేళ్ళ క్రితం ఇటువైపు వచ్చింది. ముప్పై ఏళ్ళ అమ్మాయి. కొడంగల్ సంతలో భుజాన గొంగడితో నా సహాధ్యాయిని చూసి ఆగిపోయింది. వారి సముదాయంలో ఆ తీరం చరిత్ర చెప్పే గది ఒకటి ఉంది. గది బయట సముద్రం వైపు వేదిక కట్టి, ప్రతి శుక్ర, శని, ఆదివారాలు ఒక ప్రాంతపు చేతిపనివారిని పిలుస్తారు. జనం చూస్తుండగా తయారైన వస్తువును లోపలి గోడకు, ఊరి పేరుతో, ఎప్పటికీ ఉండేటట్టు అమరుస్తారు. మార్చి రెండవ వారం మాకిచ్చారు. మొదటి నుంచి చివరి దాకా, అంటే గంజి పట్టించడం కూడా, జనం చూడాలన్నది వారి నియమం.

కార్యక్రమ పట్టిక తయారు చేసి పంపింది నేను. శుక్రవారం తొమ్మిది గంటలకు గంజి పూయడం, పదకొండు గంటల పది నిమిషాలకు నేత ప్రారంభం, రోజుకు రెండు మూరల చొప్పున ఆదివారం అయిదు గంటలకు ఆరు మూరల గొంగడి పూర్తి. ఆరూ నలభై అయిదుకు తిరుగు రైలు.

మేము ముగ్గురం శుక్రవారం ఉదయం ఆరూ ఇరవైకి అక్కడ దిగాము. వాళ్ళిద్దరూ సముద్రాన్ని చూడడం అదే మొదలు. నేత మనిషి ముందు నీళ్ళను చూడలేదు. చెప్పులు విడిచి, వేదిక ముందున్న నాపరాళ్ళ మీద నిలబడి, "మన బండలే" అన్నాడు. తరువాత చెయ్యి పైకెత్తి గాలిని చూసుకుని నవ్వాడు. "పటేలా, నీ రెండు గంటలు ఎందుకు? గీ గాలికి గంటల ఆరుతది."

నేనూ అదే అనుకున్నాను. మా ప్రాంతంలో గాలి వీస్తే ఏదైనా ఆరుతుంది. బట్టలు, కందులు, బురద, చెమట, అన్నీ. ఆరబెట్టని గాలి ఒకటి ఉంటుందని మా ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. అందువల్ల పదిహేను అడుగుల పడుగును నీడలో కాక, సముద్రానికి ఎదురుగా, గాలి నేరుగా తగిలేటట్టు రెండు గుంజల మధ్య చాచి కట్టాము. అతను కుంచెతో గంజి పూశాడు. నాలుగు వందల పన్నెండు పోగులు ముదురు గోధుమ రంగులో మెరిశాయి. వేదిక పక్క బల్ల మీద నా పట్టికను పెద్ద అక్షరాలతో రాసి నిలబెట్టారు. చూడడానికి వచ్చినవారు ముందు దానిని చదివి, ఆ తరువాత తమ గడియారాలు చూసుకున్నారు.

పదకొండు గంటల పది నిమిషాలకు పడుగును ముట్టుకున్నాను. తడి.

పదకొండున్నరకు మళ్ళీ ముట్టుకున్నాను. గంజి పూసినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. కింద నాపరాళ్ళు అరికాళ్ళు కాలేంత వేడెక్కాయి. గాలి నా నోటుపుస్తకం కాగితాలను తిప్పేస్తున్నది. ఎండ ఉంది, గాలి ఉంది, పడుగు మాత్రం ఆరడం లేదు. పన్నెండున్నరకు పోగులు ఒకదాని పక్కకు ఒకటి ఒరగడం మొదలుపెట్టాయి.

"ఏమండీ, పదకొండు పదికన్నారు కదా?" అని ఒకాయన బల్ల చూపించి అడిగాడు.

"కొంచెం ఆలస్యమవుతుంది" అన్నాను. ముప్పై ఒక్క సంవత్సరాల్లో 'కొంచెం' అనే మాటను ఏ నివేదికలోనూ రాయలేదు.

నేత మనిషి నా వైపు చూడకుండా పోగుల మధ్య వెదురు పుల్లలు దూరుస్తున్నాడు. తడి ఉన్ని ఎక్కువసేపు అట్లాగే ఉంటే గంజి పులుస్తుందని, పోగులు అతుక్కుని ఎండితే విడదీసేటప్పుడు పుటుక్కున తెగుతాయని నాకు తెలుసు. అతను చెప్పలేదు. అతని భార్య చెప్పింది, మెల్లగా, భర్తకు వినపడకుండా.

"ఇది ఖరాబైతె ఇంకోటి లేదు పటేలా. నీకు ఎర్కనే గద."

ఎరుకే. లెక్క రాసింది నేనే.

అప్పుడు చరిత్ర గదిని చూసుకునే ముసలామె బయటికి వచ్చింది. అక్కడి మత్స్యకారుల పేట మనిషి. లోపల ఉన్న పాత చెక్క పడవ గురించి, దీపస్తంభం ఫోటోల గురించి వచ్చినవారికి చెప్పడం ఆమె పని. పడుగు మీద ఒక వేలు ఆనించి, ఆ వేలిని చూసుకుని, మా ముగ్గురినీ చూసింది.

"ఏటి బాబూ, సముద్రం గాలికేసి ఆరబెట్టారేటి? ఈ గాలికి మనిసి జుట్టే ఆరదు, మీ గంజి ఆరుద్దేటి?"

"గాలి మస్తుగున్నది గదమ్మ" అన్నాడు నేత మనిషి.

"ఉంటే? అది నీళ్ళు మోసుకొస్తన్న గాలి. ఆరాలంటే నేల మీంచొచ్చే పైగాలి తోలాలి. అది తెల్లారగట్ల తోలుద్ది, పొద్దెక్కితే పోద్ది. మా సేపలు ఎండబెట్టేదే ఆ లెక్కన."

నేత మనిషి భార్య నన్ను చూసింది. "ఇన్నవా పటేలా? గాలికి గూడ లెక్కున్నదట. నీ బుక్కుల రాసుకోలె."

ముప్పై ఒక్క సంవత్సరాలు ఆకాశం నుంచి పడిన నీటిని కొలిచాను. గాలిలో నిలిచే నీటిని కొలవడానికి వేరే పరికరం ఉంటుందని తెలుసు. దాని అవసరం మా కార్యాలయానికి ఎన్నడూ రాలేదు. మా ఊళ్ళో కొలిచిన అంకెను తీసుకువచ్చి సముద్రపు ఒడ్డున నిలబెట్టాను. బల్ల మీద అది ఇంకా నిలబడే ఉంది. వెళ్ళి నా చేత్తోనే దానిని తిప్పి పెట్టాను.

సాయంత్రం ఆరు గంటలకు కూడా పడుగు చేతికి అంటుకున్నది. తీసి, పొడి ధోవతుల మధ్య చుట్టి పెట్టాము. మరునాడు పైగాలి కోసం తెల్లవారకముందే వచ్చి మళ్ళీ చాచాము. కాస్త గట్టిపడింది గాని, ఏడున్నరకు గాలి మళ్ళింది. చేత్తో తాకితే మళ్ళీ అదే జిగట, పైగా పులిసిన వాసన. నేత మనిషి పడుగు కొస పట్టుకుని కూర్చుండిపోయాడు.

ముసలామె గది తాళం తీస్తూ అన్నది: "తొమ్మిదికి లోపల ఏసీ ఎడతారు. వానలో తడిసిన నా కోక గంటలో ఆరిపోద్ది ఆ గదిలో. ఆ అమ్మని అడగండి."

నిర్వాహకురాలిని నేను అడిగాను. ఆమె మర్యాదగానే ఇబ్బంది చెప్పింది. "సార్, పదిన్నరకు జనం వస్తారు. అప్పటికి గది ఖాళీగా, శుభ్రంగా ఉండాలి. వాసన కూడా... ఏమీ అనుకోకండి. పదిన్నర దాకా అయితే తీసుకోండి."

తొమ్మిది నుంచి పదిన్నర. తొంభై నిమిషాలు. నా పాత అంకె ప్రకారమైనా చాలదు. ఆ అంకెను నమ్మే స్థితిలో కూడా నేను లేను.

పడుగు ఒక కొసను పాత పడవ అంచు చెక్కకు, రెండవ కొసను స్తంభానికి కట్టాము. కింద పాత పేపర్లు పరిచాము. ముసలామెతో కలిసి నలుగురం రెండు వైపులా నిలబడి, అతుక్కున్న పోగులను ఒక్కొక్కటిగా విడదీయడం మొదలుపెట్టాము. నేత మనిషి భార్య కుడి బొటనవేలు పనిచేయదు గనుక ఎడమ చేత్తో తీస్తున్నది, అయినా నా కంటె రెట్టింపు వేగంతో. ముసలామెది వలల చిక్కు తీసిన చెయ్యి, తొందరగానే పట్టుకున్నది. నా చేతిలో పోగు తెగింది. మరొకటి తెగింది.

"మూడు" అన్నాను. "నాలుగు."

"లెక్కవెట్టకు పటేలా, ముడి వెయ్" అన్నది ఆమె.

ముడి ఎట్లా వేయాలో నాకు తెలియదు. డెబ్బై ఒక్క ఏళ్ళ వయసులో, ఒక పడవ పక్కన నిలబడి, తెగిన రెండు కొసలను నాలుకతో తడిపి, మెలిపెట్టి, అరచేతిలో రుద్ది కలపడం ఆమె నాకు నేర్పింది. నేను కలిపిన మొదటి రెండూ ఊడిపోయాయి. మూడవది నిలిచింది. చల్లని గదిలో కూడా నా మెడ మీద చెమట పట్టింది. ఎదుటి గోడ మీద, అప్పటికే అమర్చిన బోర్డు కనపడుతున్నది. మా ఊరి పేరు, దాని కింద ఖాళీ చోటు. నేత మనిషి మధ్య మధ్య తల ఎత్తి ఆ పేరును చూస్తున్నాడు. అతను మూడవ తరగతితో బడి మానాడు. అయినా మా ఊరి పేరు చదవగలడు.

పదిన్నరకు పోగులు చేతికి అంటుకోవడం మానేశాయి గాని, లోపలి తడి పోలేదు. తలుపులు తెరిచారు. నిర్వాహకురాలు లోపలికి వచ్చి, పరిచిన పేపర్లను, పడవకు కట్టిన పడుగును, మా ముఖాలను చూసింది. ఆమె వెనుక ఒక కుటుంబం వచ్చింది. ఆ ఇంటి పెద్దావిడ నేరుగా పడుగు దగ్గరికి వెళ్ళి, "ఇది వలా?" అని అడిగింది.

"గొర్రె ఉన్ని. పడవకెందుకు కట్టారో ఈల్లనడగండి" అన్నది ముసలామె, పని ఆపకుండా.

వాళ్ళు అడిగారు. నేత మనిషి భార్య చెప్పింది. మా ఊరు ఎక్కడో, అక్కడి గాలి ఎట్లా ఉంటుందో, "మా పటేలు" గడియారం పెట్టి ఏం కొలిచాడో, అన్నీ. వాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు, కాని వారి వెనుక మరికొందరు చేరారు, వారి వెనుక ఇంకొందరు. నిర్వాహకురాలు మమ్మల్ని ఆపకుండా వెళ్ళిపోయింది. మేము పన్నెండు దాకా ఉన్నాము. పడుగు ఆరింది పదకొండు నలభైకి. తెగిన పోగులు ముప్పై ఏడు. ఆమె చెప్పినప్పటికీ మనసులో లెక్కపెట్టాను.

నేత మొదలైంది శనివారం ఒంటిగంటకు. నా పట్టిక కంటె ఇరవై అయిదు గంటల యాభై నిమిషాలు ఆలస్యం. మగ్గం బయటి వేదిక మీదే ఉంది, సముద్రపు గాలిలోనే. ఆరిన పడుగు మళ్ళీ తేమ పీల్చడం మొదలుపెట్టింది. ఇంటి దగ్గర ఒక్క దెబ్బకు కుదురుకునే పేక ఇక్కడ రెండు దెబ్బలు వేసినా బిగుసుకోలేదు. చీకటి పడే వేళకు ఒక మూర అయింది. ఆదివారం ఉదయం ఏడు గంటలకు మళ్ళీ కూర్చున్నాడు. తిండికి పది నిమిషాలు లేచాడు. నేను అరగంటకొకసారి టేపు పెట్టి కొలవబోయాను. రెండవసారి అతను టేపును చేత్తో పక్కకు నెట్టాడు. మళ్ళీ కొలవలేదు.

సాయంత్రం నాలుగు గంటలకు నేసినది రెండుముప్పావు మూరలు. మిగిలినది మూడుంబావు. అయిదున్నరకు స్టేషనుకు బయలుదేరాలి. మరునాటి నుంచి ఆ వేదికను మరొక ప్రాంతం వారికి సిద్ధం చేస్తారు. మగ్గాన్ని ఆ సాయంత్రమే విప్పేయాలి. ఈ లెక్క అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

నిర్వాహకురాలు వచ్చి మగ్గం పక్కన గొంతుక్కూర్చున్నది. ఆమె స్వరంలో నిజమైన దయ ఉంది. "తాతగారూ, ఇక్కడికి కోసేద్దాం. నేసిన మేరకు గోడకు పెడతాం. నాలుగడుగులంటే బాగానే కనిపిస్తుంది. నమూనా అనుకోవచ్చు. బోర్డు కూడా మీ ఊరి పేరుతో పెట్టేశాం కదా."

నేత మనిషి చేతులు పేకను నడిపే నాడె మీద ఆగాయి. కోస్తే గోడ మీద ఊరి పేరు ఉంటుంది. కోయకపోతే ఆ చోటు వచ్చేవారిది. కోస్తే నేయని పడుగు చెత్త. కత్తిరించిన ముక్క పడుగును మళ్ళీ మగ్గం ఎక్కించలేరు. అతను భార్య వైపు చూశాడు.

"నన్నెందుకు చూస్తవ్? మగ్గం నీది" అన్నది ఆమె. లేచి, వేదిక దిగి, నాపరాళ్ళ మీద నడుచుకుంటూ పిట్టగోడ దాకా వెళ్ళింది. మూడు రోజుల్లో ఆమె సముద్రం వైపు తిరిగి నిలబడడం నేను చూసింది అప్పుడే. కుడి చేతిని ఎడమ చేతిలో పట్టుకుని నిలబడింది.

అతను సంచిలో నుంచి కత్తెర తీశాడు. గొర్రెల ఉన్ని కత్తిరించే పెద్ద కత్తెర. ఒడిలో పెట్టుకున్నాడు. నన్ను పిలిచాడు, ఆ రోజు మొదటిసారి.

"పటేలా. ఎంత మిగిలింది, లెక్క చెప్పు."

"మూడుంబావు మూరలు."

"అది నాక్కనవడ్తలేదా? దాని లెక్క చెప్పు. ఆమెది."

నోటుపుస్తకం తెరిచాను. పేజీ రెండుసార్లు తప్పింది. పడుగు వడకడానికి ఇరవై ఆరు రోజులు. ఆరు మూరలకు ఇరవై ఆరు అయితే, మూడుంబావుకు ఎంత. పెన్సిలుతో వేసి, మళ్ళీ వేసి, సరిచూసుకున్నాను.

"పద్నాలుగు రోజుల వడుకు" అన్నాను.

"ఏ రోజులు?"

"చివరి పద్నాలుగని చెప్పలేను. పోగులు కలిసిపోయాయి. మొత్తం మీద పద్నాలుగు."

"ఏలికి గుడ్డ కట్టుకున్నంక ఎన్ని రోజులు వడికింది?"

అది కూడా రాసి ఉంది. వేలికి పసుపు గుడ్డ కట్టుకుని వడకడం చూసిన వారాన్ని, ఉండల లెక్క తగ్గడానికి కారణంగా, పేజీ అంచున గుర్తు పెట్టాను. "ముప్పై ఒకటి" అన్నాను.

అతను కత్తెరను మళ్ళీ సంచిలో పెట్టాడు. నాడెను పక్కన పెట్టి, నేసిన గుడ్డనూ నేయని పడుగునూ కలిపి మగ్గం దోనె, అంటే గుడ్డ చుట్టే కర్ర, మీద చుట్టడం మొదలుపెట్టాడు. వెదురు పుల్లలు కదలకుండా తాళ్ళతో కట్టాడు. నేను ఒక కొస పట్టుకున్నాను. వద్దనలేదు.

నేను నిర్వాహకురాలితో, ఈ ఆలస్యం నా కొలత వల్ల జరిగిందని, నేతగానిది కాదని చెప్పాను. ఆమె తల ఊపింది. "గోడ ఖాళీగా ఉంచలేను సార్" అన్నది. అది న్యాయమే.

రైల్లో అతను నాతో మాట్లాడలేదు. తెల్లవారి సికింద్రాబాద్‌లో బండి మారాము. ఆ చుట్టను తన ఒడిలోనే పెట్టుకున్నాడు. ఆమె నాకు రొట్టె పెట్టింది, చట్నీ వేసింది. వికారాబాద్ వచ్చింది. నేను దిగవలసిన స్టేషను. దిగలేదు. అతను నన్ను ఒకసారి చూసి కిటికీ వైపు తిరిగాడు. ధారూర్ దాటాక నోరు విప్పాడు.

"గాలిల తడిని కొల్చే మిషన్ ఉంటదా?"

"ఉంటుంది."

"మరి గిన్నేండ్లు ఏం కొల్చినవ్?"

"వాన."

"వాన మాకు గూడ కనవడ్తది పటేలా" అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. అతని పెదవి కూడా ఒక పక్కకు కదిలింది. అంతకు మించి క్షమాపణ ఇద్దరి మధ్య జరగలేదు.

తాండూరులో దిగి బస్సులో ఊరికి వెళ్ళాము. ఆ మధ్యాహ్నమే పడుగును ఇంటి ముందు చాచారు. తడిసినంత మేర మళ్ళీ పలుచగా గంజి పట్టించారు. నేను గడియారం చూడకూడదనుకున్నాను. చూశాను. రెండు గంటల ఎనిమిది నిమిషాలు.

బుధవారం సాయంత్రం నాలుగున్నరకు గొంగడి పూర్తయింది. ఆరు మూరలకు ఒక జానెడు తక్కువ. ముడివేసిన పోగులను కొసల దగ్గర తీసివేయవలసి వచ్చింది. దానిని మంచం మీద పరిచి చూస్తే, సముద్రపు ఒడ్డున నేసినదెక్కడ ఆగిందో, ఇంట్లో నేసినదెక్కడ మొదలైందో కంటికి తెలియదు. నేను అంగుళానికి పేక పోగులు లెక్కపెట్టాను. ఒక పక్క పదకొండు, రెండవ పక్క పదమూడు. నోటుపుస్తకంలో రాశాను.

విశాఖపట్నంలోని ముసలామె మరుసటి వారం ఫోన్ చేసింది. మా ఊరి బోర్డు తీసి, వెనక్కి తిప్పి, పడవ పక్కన గోడకు ఆనించి ఉంచారట. పారవేయలేదు. "అడిగినోల్లకి నాను సెప్తన్నాను, మీ గంజి కత" అన్నది. నిర్వాహకురాలికి నేను రెండు పేజీల ఉత్తరం రాశాను: ఉన్నితో గాని గంజితో గాని పనిచేసేవారు వస్తే వేదికను లోపల వేయవలసిందని, బయట ఆరనిది లోపల చల్లని గదిలో రెండు గంటల నలభై నిమిషాల్లో ఆరిందని. ఈసారి ఆ అంకె కింద కొలిచిన చోటు పేరు కూడా రాశాను.

గొంగడిని ఆమె కప్పుకున్నది. ఏప్రిల్ ఎండలో ఎందుకని భర్త ఎగతాళి చేశాడు. ఆమె పట్టించుకోలేదు. నేను వెళ్ళినప్పుడు దానిని నా ముందు పరిచింది.

"కండ్లు మూసుకో పటేలా. ఎక్కడ మారిందో చేత్తోని చెప్పు."

కళ్ళు మూసుకున్నాను. అరచేతితో ఈ చివర నుంచి ఆ చివర దాకా రెండుసార్లు తడిమాను. పదకొండు, పదమూడు నా బుర్రలో ఉన్నాయి. చేతికి మాత్రం అంతా ఒకటే ఉన్ని. ఒక చోట వేలు పెట్టి, "ఇక్కడ" అన్నాను.

"కాదు" అన్నది. నా మణికట్టు పట్టుకుని, వంగని బొటనవేలితోనే, నా చేతిని ఒక జానెడు ఇవతలికి జరిపింది.